సిగిరియా ఎక్కినవాళ్లు

అనకాపల్లిలో మా ఇంటికి చాలాకాలం సిలోను వెళ్లొచ్చినోళ్ల ఇల్లు అని పేరు. బెల్లం మార్కెట్లో ఎవరైనా మా ఇల్లు అడిగితే అలాగే గుర్తు చెప్పేవారు. ఆ ఇంటి మగవాళ్లు సిగిరియా అనే కొండ ఎక్కారని, దాని నెత్తి మీద నిలబడి లంకంతా చూశారని ఊళ్లో కథలు కథలుగా చెప్పుకునేవారు. ఆ కథంటే నాకు మంట. చెప్పినవాళ్లంటే ఇంకా మంట. వాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు, పోయినవాళ్లని తవ్వడం ఎందుకమ్మా అంటారు నా కూతుళ్లు. ఉన్నప్పుడు నన్ను నోరెత్తనిచ్చారా మరి?

అరవైల మొదట్లో మాట. ధనుష్కోడి దాకా ఇంకా రైలు వెళ్లే రోజులు. నాకు పెళ్లయి రెండేళ్లు కాలేదు. మాది బెల్లం వ్యాపారం. మావగారు నోరులేని మనిషి, ఇంట్లో పెత్తనమంతా ఆయన తమ్ముడిది. నాకు చిన్నమావగారు. మార్కెట్లో బెల్లం దిమ్మని గోరుతో గీకి నాలుక మీద వేసుకుని, ఇది ఏ ఊరి చెరకో చెప్పేసేవాడు. మాకవరపాలెం వైపు నుంచి బళ్లు తోలుకొచ్చే రైతులు ఆయన నాలుక ఏం చెబుతుందోనని నోళ్లు తెరుచుకుని నిలబడేవారు. దాంతో ప్రపంచంలో ఉన్నదంతా తన నాలుక చివరే ఉందని ఆయనకో నమ్మకం.

ఆ ఏడు బెల్లం సీజను అయిపోయాక మద్రాసు నుంచి టూర్లు వేసే ఏజెంటు ఒకడు వచ్చాడు. కాశీ చూశారు, రామేశ్వరం చూశారు, ఆ పక్కనే సముద్రం దాటితే రావణుడి లంక, అది చూడరా అని చిన్నమావగారిని ఎక్కించాడు. పదిహేను రోజులు కాలేదు, మార్కెట్లోని నాలుగైదు కుటుంబాల నుంచి పద్దెనిమిది మందిమి పోగయ్యాం. మావగారు కొట్టు చూసుకోవడానికి ఆగిపోయారు. సీతమ్మవారు ఏడ్చిన చోటు చూస్తే చాలని మా అత్తగారు బయల్దేరింది. నేను ఎందుకు బయల్దేరానంటే సిగిరియా కోసం.

హైస్కూల్లో మా సోషల్ పుస్తకంలో ఆ కొండ బొమ్మ ఉండేది. సిరా అలికిపోయిన బొమ్మ. అడవి మధ్య నిటారుగా లేచి, పైన బల్లపరుపుగా ఉన్న ఒక్కటే రాయి. దాని మీద ఒకప్పుడు రాజు కోట కట్టుకున్నాడని రాసుంది. పైనుంచి చూస్తే ఏం కనిపిస్తుంది టీచర్ అని అడిగితే, మీ అత్తారింటి వంటిల్లు కనిపిస్తుంది అంది మా టీచరు. క్లాసంతా నవ్వింది. ఎస్సెల్సీ పాసయిన నెలకి నాకు పెళ్లి చేశారు, ఆవిడ అన్నంత పనీ అయింది. అందుకే ఏజెంటు ఇచ్చిన కాగితంలో 'సిగిరియా కొండ ఎక్కుట' అని అచ్చులో చూసేసరికి నా చేతులు ఆగలేదు. మడతపెడుతున్న బట్టలు పక్కన పడేసి, నన్ను ఎక్కనిస్తారా అని మా ఆయన్ని అడిగాను.

"నిన్ను సెయ్యట్టుకుని ఎక్కిత్తాను, సూడు," అన్నాడు.

పెళ్లయ్యాక ఆయన నాకిచ్చిన మొదటి మాట అది. నేను దాన్ని పట్టుకునే నెల రోజులు బతికాను.

ప్రయాణమంటే మావాళ్లకి తిండి. మా వీధి చివర రేకుపని చేసే సాయిబు చేత పదకొండు డబ్బాలు, ఒక రేకు పొయ్యి చేయించారు. డబ్బాల నిండా సున్నుండలు, చేగోడీలు, పులిహోరకి పోపులు, ఆవకాయ, చింతపండు, రెండు బెల్లం దిమ్మలు. పై ఊళ్లో నీళ్లు తప్ప ఏదీ ముట్టకూడదని మా ఇంటి పద్ధతి. అత్తగారి మడికి కిరసనాయిలు స్టవ్వు పనికిరాదు, ఆ వాసన అన్నానికి పడుతుందని ఆవిడ పట్టు. కాబట్టి ఎక్కడ ఆగితే అక్కడ పుల్లలు ఏరాలి, పొయ్యి వెలిగించాలి, పద్దెనిమిది మందికీ వండాలి. ఆడవాళ్లం ఏడుగురం ఉన్నాం. అందులో నాకన్నా చిన్నది లేదు, కాబట్టి పొయ్యి నాది.

ఓడ దిగిన దగ్గర తలైమన్నారులో కస్టమ్సువాళ్లు డబ్బాలన్నీ విప్పించి సున్నుండల్లోకి కూడా వేలు పెట్టి చూశారు. అత్తగారు ఆ డబ్బా మైలపడిందని పారేయించింది. అక్కడినుంచి బస్సు. సిలోను చాలా పచ్చగా ఉంటుందంటారు. ఉండే ఉంటుంది. నేను చూసిన సిలోనులో సగం పొగే. కాండీ దగ్గర ఏట్లో ఏనుగులకి స్నానాలు చేయిస్తుంటే చిన్నమావగారు ఒక ఏనుగెక్కి ఊరేగాడు, ఆయన చెప్పులు నా చేతికిచ్చారు. ఇంకో చోట పెద్ద చెరువులో పడవలు. మగవాళ్లు రెండు పడవలు కట్టించుకుని ఆ చివరిదాకా పోయి వచ్చారు. మేము గట్టున కందిపప్పు ఉడికించాం. వాళ్లు దిగగానే ముందు అడిగిన మాట అన్నం అయిందా అని. ఆ చెరువు ఎంత లోతో, మధ్యలో నీళ్లు ఎలా ఉన్నాయో ఒక్కడూ చెప్పలేదు. నేను ఇవేవీ పట్టించుకోలేదు. ఏనుగులు మీవి, పడవలు మీవి, కొండ నాది అనుకున్నాను.

సిగిరియా చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. బస్సు మలుపు తిరగ్గానే చెట్ల మీదుగా కనపడింది. పుస్తకంలో బొమ్మ చాలా చిన్నదని అప్పుడు తెలిసింది. నేను కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, కొంగు నడుముకి బిగించి అందరికన్నా ముందు దిగాను.

అక్కడ మాకు గైడుగా వచ్చిన అరవాయన సన్నగా, తెల్ల పంచె మీద నల్లకోటు వేసుకుని ఉన్నాడు. ఇంగ్లీషులో చెప్పాడు. కొండ నడుమ పెద్ద పెద్ద తేనెపట్లున్నాయి, అరవకండి, కింద ఎక్కడా నిప్పు రాజేయకండి, పొగ తగిలితే ఈగలు లేస్తాయి, లేస్తే మనుషుల్ని వదలవు అని. చిన్నమావగారు ప్రతి ముక్కకీ యెస్ యెస్ అని తలూపాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు. మా గుంపులో అది అర్థమైంది నాకూ, మా ఆయనకీ.

తరువాత చిన్నమావగారు మగవాళ్లని ఒక పక్కకి, ఆడవాళ్లని ఒక పక్కకి విడదీశాడు. మగవాళ్లు కొండకి, ఆడవాళ్లు వంటకి. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన వంగి బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. ఆ తాళ్లు అప్పటికే కట్టి ఉన్నాయి. దగ్గరికి వెళ్తే, మళ్లీ వద్దాంలే అన్నాడు. సిలోనుకి మళ్లీ ఎవరొస్తారు? మా ఊరి దగ్గర ఉప్మాక తీర్థమా ఇది, ఏటేటా రావడానికి?

కోపం దిగమింగుకుని, పొగ పెట్టకూడదట, గైడు చెప్పాడు అన్నాను అత్తగారితో. వెళ్లి మీ మావయ్యకి చెప్పుకో అంది. చెప్పాను.

"నాలుగు ఇంగ్లీషు ముక్కలొత్తే నువ్వే దొరసానివైపోయేవేటి? ఉప్మాక కొండకాడ పట్టుల్లేవా? అక్కడ వండుకోలేదా మనం?" అన్నాడు చిన్నమావగారు.

మా ఆయన పక్కనే ఉన్నాడు. అవును బాబాయ్, గైడు అన్నాడు అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు. గైడు ముందుకి నడిచాడు, వీళ్లంతా వెనకాల పోయారు.

నేను రెండోసారి చెప్పలేదు. పుల్లలు ముందురోజు వానకి తడిసి ఉన్నాయి. అవే పెట్టి ఊదాను. పొగ నల్లగా లేచి, చెట్ల మీదికి పోయి, రాతికి తగిలి దాని వెంట పైకి పాకడం నా కళ్లతో చూశాను. చూస్తూ ఇంకో రెండు పుల్లలు తోశాను. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

బియ్యం కడిగి ఎసట్లో పోసేసరికి పైన అరుపులు మొదలయ్యాయి. గైడు మనుషులు ఇద్దరు పరిగెత్తుకొచ్చి పొయ్యి తన్నేసి నీళ్లు గుమ్మరించారు. మమ్మల్ని దుప్పట్లు కప్పుకుని బోర్లా పడుకోమన్నారు. దుప్పటి కింద అత్తగారు నారాయణ నారాయణ అంటోంది. నాకు భయమే, కానీ లోపల ఎక్కడో బాగా అయింది అనిపించింది. ఆ తరువాత మా ఆయన్ని చూశాక ఆ అనిపించినదానికి సిగ్గుపడ్డాను.

జరిగింది ఇది. కొండకి సగం ఎత్తులో ఒక చదునుంది. ఇటుకలతో కట్టిన సింహం పాదాలు రెండు ఉంటాయక్కడ. వాటి మధ్యనుంచి పైకి ఇనప మెట్లు. మావాళ్లు ఆ పాదాల దాకా వెళ్లి ఆయాసం తీర్చుకుంటుండగా ఈగలు దిగాయి. ఇలాంటప్పుడు దూరడానికే అక్కడ ఇనప వలతో ఒక గది కట్టి ఉంచారు. చిన్నమావగారు అందరికన్నా ముందు దూరాడు. మిగతావాళ్లు వెనకే దూరగానే తలుపు లాక్కున్నాడు. గైడు బయటినుంచి గుద్దితే గానీ తియ్యలేదట. అంతసేపూ గైడుతో పాటు బయట చిక్కుకుపోయినవాడు మా ఆయన. ముఖం చింతపండు ముద్దలా పొంగి, కళ్లు రెండూ మూసుకుపోయి, ఇద్దరు చెరో రెక్కా పట్టుకుంటే దిగాడు. ఒక్కడూ సింహం పాదాలు దాటలేదు. ఒక్కడంటే ఒక్కడు.

పొగ ఎవరు పెట్టారని గైడు కేకలేస్తే చిన్నమావగారు మా వైపు చెయ్యి చూపించాడు.

ఆస్పత్రి డాక్టరు వచ్చి ఇంజక్షను ఇచ్చి, రెండు రోజులు కదలకూడదన్నాడు. పక్కనున్న రెస్టు హౌసులో దిగాం. మా ఆయన మంచం పక్కన కూర్చుని కుట్టిన చోటల్లా సున్నం రాస్తుంటే అత్తగారు గుమ్మంలో నిలబడి అంది.

"నీ ఏడుపే తగిలింది నా కొడుక్కి."

ఆవిడ అన్నదాంట్లో కొంత నిజం ఉంది కదా అనుకుంటూ ఇంకాస్త సున్నం తీసుకున్నాను.

మర్నాడు తెల్లవారుతుండగా గైడు భార్య ఏదో ఆకు నూరి పట్టుకొచ్చింది. నల్లగా, గట్టిగా ఉన్న మనిషి, నాకన్నా ఓ పదేళ్లు పెద్దది. తెలుగు రాదు, నాకు అరవం రాదు. నేను కిటికీలోంచి కొండ వైపు చూస్తుంటే కాసేపు నన్ను చూసి, వేలు కొండ మీదికి చూపి, రమ్మన్నట్టు తలూపింది. పొద్దున్నే ఈగలు కదలవని చేతులతో చెప్పింది. మా ఆయనకి విషయం చెప్పాను. ఆయన కళ్లు తెరవలేడు. పొద్దెక్కేలోగా వచ్చేయమన్నాడు. అమ్మ అడిగితే మందాకు కొయ్యడానికి వెళ్లిందని చెబుతానన్నాడు. ఆ ఉదయం ఆయన మీద నాకు పుట్టిన ప్రేమ అంతా ఇంతా కాదు.

ఎక్కాను. ఆ మనిషి ముందు, నేను వెనక. సింహం పాదాల దాకా ఊపిరాడక నాలుగుసార్లు కూలబడ్డాను. అక్కడ నేల మీద మావాళ్ల కండువా ఒకటి, చెప్పు ఒకటి పడి ఉన్నాయి. వాటిని దాటి ఇనప మెట్లు పట్టుకున్నాను. సగంలో కిందికి చూశాను, మెట్టుని కరుచుకుని ఆగిపోయాను. గైడు భార్య రెండు మెట్లు వెనక్కి దిగి నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి పైదాకా వదల్లేదు.

పైన గాలి. నడుముకి బిగించిన కొంగు ఊడదీసి నెత్తి మీదికి ఎగరేసింది. రాతిలోనే తొలిచిన పెద్ద కోనేరుంది, నిండా నీళ్లు. కూలిన గోడల మొదళ్లు, రాతితో చెక్కిన ఒక ఆసనం. చుట్టూ అడవి, ఎటు చూసినా అడవే, దాని మీద పొద్దుటి మంచు పల్చగా పరుచుకుని ఉంది. ఒక్క ఇల్లు లేదు, ఒక్క పొయ్యి లేదు. మా టీచరు చెప్పింది అబద్ధం. నన్ను ఆ ఆసనంలో కూర్చోమని గైడు భార్య చేత్తో తట్టి చూపించింది. కూర్చున్నాను. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. నా మొలలో ఏటికొప్పాక లక్క కుంకుమ భరిణె ఉంది, మా అమ్మ ఇచ్చింది. ఆవిడకి ఇవ్వడానికి నా దగ్గర ఇంకేం లేదు. భరిణె ఆవిడ చేతిలో పెట్టాను.

దిగి వచ్చేసరికి అందరూ కాఫీల దగ్గర ఉన్నారు, నన్నెవరూ అడగలేదు. మా ఆయన మాత్రం నా అడుగు వినగానే అడిగాడు.

"ఏటుంది పైన? సెప్పు."

చెప్పాను. సున్నం కడుగుతూ, ఆకు పసరు రాస్తూ చెప్పాను. ఆయన ఒక్కొక్కటే అడిగాడు. కోనేరు ఎంత ఉంది? మన ఇంటి వాకిలంతా? ఇంకా పెద్దదా? గాలి ఎటునుంచి కొట్టింది? నేను చూసినదేమిటో నన్ను ఎవరైనా అడగడం నాకు అదే మొదలు. గాలికి కొంగు ఊడిపోయిందంటే వాచిన మూతితోనే నవ్వాడు. నా కాపురంలో బాగున్న రోజేదని అడిగితే ఆ పూటే చెబుతాను.

ఊరికి తిరిగొచ్చిన వారానికి చిన్నమావగారు మా వాకిట్లో జంపకానాలు పరిపించి మార్కెట్టు పెద్దల్ని పిలిచాడు. సిలోను విశేషాలు చెప్పడానికట. నేను వంటింట్లో కాఫీ కలుపుతున్నాను. గుమ్మానికి ఇవతల ఉన్నా మాటలన్నీ వినిపిస్తున్నాయి. ఏనుగు అయింది, పడవ అయింది, కొండ మొదలైంది. సింహం పాదాల దగ్గర ఈగలు రేగాయట, అయినా ఆగకుండా ఇనప మెట్లెక్కేశారట. అంతవరకూ అబద్ధమని వింటున్నాను. ఆ తరువాత చిన్నమావగారు, పైన రాతిలో తొలిచిన కోనేరుంది, మన వాకిలికి నాలుగింతలు అన్నాడు. నా చేతిలో గరిట ఆగిపోయింది. రాతి ఆసనంలో కూర్చున్నానన్నాడు. చుట్టూ అడవి, మీద పల్చగా మంచు అన్నాడు. గాలికి నా కండువా ఎగిరి నెత్తి మీద పడింది అన్నాడు.

కండువా.

నా కొంగు అది. ఆ మాటలు నావి, వరస కూడా నాదే. నేను ఒక్క మనిషికే చెప్పాను. ఆ మనిషి చిన్నమావగారి పక్కన కూర్చుని ప్రతి మాటకీ తలూపుతున్నాడు. ముఖం మీద ఈగ కుట్టిన మచ్చలు ఇంకా మానలేదు. ఎవరు తలుపు వేస్తే ఆ మచ్చలు పడ్డాయో వాడి పరువు కాపాడటానికి నా కొండ తీసుకెళ్లి ఇచ్చేశాడు.

కాఫీ పళ్లెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చాను. నలుగురు పెద్దల ముందు కోడలు నోరు తెరవకూడదు, తెలుసు.

"కోనేట్లో నీళ్లు ఏ రంగులో ఉన్నాయి మావయ్యా?" అని అడిగాను. ఆ ఒక్కటీ నేను మా ఆయనకి చెప్పలేదు, ఆయన అడగలేదు.

చిన్నమావగారు మా ఆయన వైపు చూశాడు. అందరూ చూశారు. నేనూ చూశాను. ఆయన నోట్లోంచి ఏం వస్తుందా అని పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. నాతో పాటు మా ఆడది కూడా ఎక్కింది అన్నా నాకు చాలు, అబద్ధంలో భాగమిచ్చినా తీసుకునేదాన్ని.

ఆయన నవ్వాడు. పెద్దలవైపు తిరిగి అన్నాడు.

"పాపం, కింద పొయ్యికాడ ఉండిపోయింది కదండి. అందుకని అడుగుతంది."

అందరూ నవ్వారు. పళ్లెం అందరి ముందూ తిప్పి లోపలికి వచ్చేశాను. ఆ సాయంత్రం అత్తగారు భరిణె ఏదని అడిగితే సముద్రంలో పడిపోయిందన్నాను. ఆవిడ తిట్టినంత సేపూ మా ఆయన పక్కగదిలోనే ఉన్నాడు, భరిణె ఎక్కడుందో ఆయనకి తెలుసు.

తరువాత చెప్పాడు. బాబాయి మాట పోతుంది, మార్కెట్లో నలుగురూ నవ్వుతారు, నీదేం పోయిందని. నాదేం పోయిందో ఆయనకి తెలియనప్పుడు చెప్పి ప్రయోజనం లేదు. కానీ ఒకటి మాత్రం చేశాను. ఆ రోజు నుంచి నేను చూసినది ఏదీ ఆయనకి చెప్పలేదు. పిల్లలు పుట్టారు, వాళ్ల మొదటి అడుగులు నేను చూశాను, ఆయన కొట్లో ఉన్నాడు. సాయంత్రం వచ్చి అడిగితే, నడిచింది అన్నాను, ఎలా నడిచిందో చెప్పలేదు. వరదకి ఏరు పొంగిన ఏడు మేడెక్కి చూశాను. అడిగితే నీళ్లన్నాను. మొండిదానివి అనేవాడు. అవును. చిన్నమావగారు పోయినప్పుడు మార్కెట్లో పెట్టిన సంతాప సభలో కూడా సిగిరియా ఎక్కిన మొనగాడన్నారు. మా ఆయన ముందు వరసలో కూర్చుని తలూపాడు.

చివరి ఆరేళ్లూ మా ఆయనకి చూపు లేదు. షుగరు జబ్బు రెండు కళ్లూ తినేసింది. పొద్దున్నే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి అరుగు మీద కూర్చోబెట్టేదాన్ని. తిండికీ మందుకీ ఏ లోటూ చెయ్యలేదు, ఆ మాట ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఒకరోజు ముసురు పట్టి, వీధంతా నీళ్లు నిలిచి, ఎదురింటి కప్పు మీద కొంగలు వరసగా వాలి ఉన్నాయి. రెక్కలు విదిలిస్తున్నాయి. అనకాపల్లిలో అలా ఎప్పుడూ చూడలేదు, నేనలాగే నిలబడిపోయాను. నేను కదలకపోవడం ఆయనకి తెలిసింది. ముఖం నావైపు తిప్పాడు. రెస్టు హౌసు మంచం మీద తిప్పినట్టే, అచ్చం అలాగే.

"ఏటుంది? సెప్పవే," అన్నాడు.

నా నోటిదాకా వచ్చింది. ఆ కొంగల సంగతి చెప్పడానికి ఎంత సేపు పడుతుంది? చెబితే ఆయన ముఖం ఎలా అవుతుందో కూడా నాకు తెలుసు.

"నాకేటి తెలుత్తాది? పొయ్యికాడ ఉండేదాన్ని," అని లోపలికి వచ్చేశాను.